పాత ఎస్ఎంపీఎస్‌తో 13.8 వోల్టులు: నాలుగు వారాల డైరీ

జూన్ 8, ఆదివారం

అటక మీంచి పాత కంప్యూటర్ సామాను దించితే మూడు ఎస్ఎంపీఎస్‌లు, అంటే కంప్యూటరుకి కరెంటిచ్చే డబ్బాలు, బయటపడ్డాయి. ఒకదాంట్లో బల్లి కాపురం చేసి పోయింది. ఇంకోదాని ఫ్యాన్ వేలితో తిప్పినా కదల్లేదు. మూడోది మాత్రం పచ్చ వైరునీ నల్ల వైరునీ తీగముక్కతో కలపగానే దుమ్ము చిమ్ముతూ తిరిగింది. ఇక దీంతోనే పని.

నాక్కావలసింది హామ్ రేడియోకి, అంటే సరదాగా మాట్లాడుకునే రేడియో సెట్టుకి, కరెంటు. రెండు మీటర్ల బ్యాండు మొబైల్ రిగ్ (కార్లో పెట్టే సెట్టు), 50 వాట్లది. వెనక పట్టీ మీద 13.8 వోల్టులు, 15 శాతం అటూ ఇటూ అని ఉంటుంది. ఇంజను ఆన్‌లో ఉన్నప్పుడు కారు బ్యాటరీ దగ్గర సుమారుగా ఉండే వోల్టేజీ అది. కార్లో పెట్టుకునే సెట్టు కాబట్టి ఆ లెక్కకే తయారు చేస్తారు. ఇన్నాళ్లూ ఒక మిత్రుడి లీనియర్ సప్లైతో నెట్టుకొచ్చాను. ట్రాన్స్‌ఫార్మరుతో కలిపి మోయాలంటే నడుం పట్టేసేది. అతనికి అవసరం పడింది, ఇచ్చేశాను.

పసుపు వైరు 12 ఇస్తుంది కదా, దాంతో నడవదా అంటే, వినడానికి నడిచింది. మాట్లాడదామని బటన్ నొక్కగానే సెట్టు ఆరిపోయి మళ్లీ వెలిగింది. మీటరు పెట్టాను. మామూలుగా 12.03. బటన్ నొక్కితే ఎస్ఎంపీఎస్ దగ్గరే 11.2, రిగ్ చివర 10.9. పట్టీ మీది లెక్క ప్రకారం 11.7 కంటే తగ్గకూడదు. విచిత్రం ఏమిటంటే, అదే సమయంలో 5 వోల్టులిచ్చే ఎర్ర వైరు 5.03 నుంచి 5.17కి పెరిగింది. పసుపు పడిపోతుంటే ఎరుపు పైకెక్కడమేమిటి? రాత్రి నిద్ర పట్టలేదు, దోమల వల్ల కూడా అనుకోండి.

జూన్ 9

మూత విప్పాను. విప్పేవాళ్లకి ఒక మాట. ప్లగ్ పీకేసినా లోపల రెండు పెద్ద కండెన్సర్లు చార్జి పట్టుకునే ఉంటాయి. మన 230 వోల్టులు రెక్టిఫై అయ్యాక దాదాపు 325 వోల్టుల డీసీ అవుతుంది. ఆ రెండూ దాన్ని చెరి సగం పంచుకుంటాయి. పీకిన అర నిమిషానికి కొలిస్తే ఒక్కోదాంట్లో ఇంకా 90 వోల్టులు ఉన్నాయి. 10కె (పదివేల ఓములు), 10 వాట్ల రెసిస్టరుకి రెండు వైర్లు అతికించి, ప్లాస్టిక్ పిడి ఉన్న క్లిప్పులతో పట్టుకుని, మీటరు సున్నా చూపించేదాకా ఆగాను. స్క్రూడ్రైవరుతో షార్టు కొట్టి చిటచిటలాడించడం హీరోయిజమే కానీ, కండెన్సరుకీ స్క్రూడ్రైవరుకీ మంచిది కాదు.

బోర్డు చూసి ఊపిరి పీల్చుకున్నాను. వోల్టేజీని నడిపే పదహారు కాళ్ల చిప్పు కేఏ7500బీ, పక్కనే కాపలా కాసే చిప్పు ఎల్ఎం339. కేఏ7500 అంటే టీఎల్494 అనే పేరున్న చిప్పుకి కవల. కాళ్ల వరస కూడా ఒకటే. పాత ఎస్ఎంపీఎస్‌లలో ఇది ఉంటే అదృష్టం. ఎస్‌జీ6105 లాంటి చిప్పు ఉండి ఉంటే వోల్టేజీ నడపడం, కాపలా కాయడం రెండూ ఒకే చిప్పులో ఉండేవి. అప్పుడు దాన్ని ఏమార్చడం నాలాంటివాడి వల్ల కాదు.

పట్టీ మీద 300 వాట్లు, 5 వోల్టులు 30 ఆంప్స్, 12 వోల్టులు 13 ఆంప్స్ అని రాశారు. హీట్‌సింకులు చూస్తే ఆ రాతను నమ్మబుద్ధి కావడం లేదు. నాకు పది ఆంప్స్ వస్తే చాలు.

జూన్ 14, శనివారం

ఇవాళంతా బోర్డుని తిరగేసి, కింద టార్చి పెట్టి, ఒకటో కాలు చుట్టూ ఏముందో కాగితం మీద గీశాను. రెండు గంటల్లో అయిపోతుందనుకున్నా, సాయంత్రం అయింది.

ఈ చిప్పులో పద్నాలుగో కాలు దగ్గర స్థిరంగా 5 వోల్టులు ఉంటాయి. దాన్ని రెండు 4.7కె రెసిస్టర్లతో సగం చేసి రెండో కాలికి ఇచ్చారు, అంటే 2.5. ఇది కొలబద్ద. ఒకటో కాలికి అవుట్‌పుట్ నుంచి సమాచారం వస్తుంది. ఒకటో కాలు 2.5 కంటే తగ్గితే చిప్పు ట్రాన్సిస్టర్లను ఇంకొంచెం ఎక్కువ సేపు ఆన్‌లో ఉంచుతుంది, పెరిగితే తగ్గిస్తుంది. ఇంతే దాని జీవితం.

అసలు కీలకం ఇక్కడ ఉంది. ఒకటో కాలికి ఎర్ర వైరు నుంచి 4.7కె, పసుపు వైరు నుంచి 27కె వస్తున్నాయి. కాలు నుంచి గ్రౌండుకి 3.9కె, 10కె పక్కపక్కన, కలిపితే 2.8కె. లెక్క వేద్దాం. ఎరుపు నుంచి వచ్చే కరెంటు 2.5 బై 4.7కె, అంటే 0.53 మిల్లీఆంప్స్. పసుపు నుంచి 9.5 బై 27కె, అంటే 0.35. నూటికి అరవై వంతులు ఎరుపు మాటే చెల్లుతోంది! పాత కంప్యూటర్లలో ప్రాసెసరు ప్రధానంగా 5 వోల్టుల మీదే బతికేది కాబట్టి దానికే పెద్దపీట వేశారు. నేను పసుపు మీద పది ఆంప్స్ లాగి ఎరుపుని ఖాళీగా వదిలేస్తే, చిప్పు రెండింటికీ మధ్య రాజీ కుదిర్చింది. పసుపుని 0.83 పడనిచ్చి, ఎరుపుని 0.14 పెంచి లెక్క సరిపెట్టింది. ఆదివారం మీటరు చూపించిన అంకెలు ఇవే. కాగితం మీద ఇది తేలినప్పుడు కలిగిన ఆనందం వేరు. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

జూన్ 15, ఆదివారం

27కె తీసేసి అక్కడ 22కె, దానికి వరసలో 47కె ప్రీసెట్ (స్క్రూతో తిప్పి విలువ మార్చుకునే రెసిస్టరు) పెట్టాను. ఫేజు వైరులో సిరీస్ బల్బు, 100 వాట్లది. ఆన్ చేయగానే బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. అంటే లోపల షార్టు లేదు, కండెన్సర్లు నిండాయి. ప్రీసెట్ నెమ్మదిగా తిప్పాను. 12.4, 12.9, 13.3, 13.5... టక్. ఫ్యాన్ ఆగిపోయింది. ప్లగ్ తీసి, నిమిషం ఆగి, మళ్లీ పెడితే మళ్లీ అదే చోట టక్.

ఈ ఎస్ఎంపీఎస్‌ల కొలతలు చెప్పే ఏటీఎక్స్ డిజైన్ గైడులో 12 వోల్టులకి ఓవర్‌వోల్టేజీ ట్రిప్ (వోల్టేజీ మితిమీరితే ఆపేసే కాపలా) 13.4కీ 15.6కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చని రాసి ఉంది. నాది 13.5లో ట్రిప్ అవుతోంది కాబట్టి, ఇదే 12 వోల్టుల కాపలా అని తీర్మానించేసుకున్నాను. పసుపు వైరు నుంచి ఎల్ఎం339 దాకా పోయే దారి కోసం మూడు గంటలు వెతికాను. దొరకలేదు. దొరకదు, అలాంటి దారి ఈ బోర్డులో లేదు.

చీకటి పడ్డాక, విసుగులో, ఎర్ర వైరుకి 2 ఓముల రెసిస్టరు తగిలించి మళ్లీ తిప్పాను. ఈసారి 13.8 దగ్గర ట్రిప్ అయింది. ఎరుపు మీద బరువు పెడితే పసుపు ట్రిప్ ఎందుకు జరుగుతుంది? ఎందుకంటే ట్రిప్ పసుపుది కాదు, ఎరుపుది. రెండూ ఒకే ట్రాన్స్‌ఫార్మరు చుట్ల మీంచి వస్తాయి. పసుపుని పైకి లాగితే ఎరుపు కూడా వెంట వస్తుంది. పసుపు 13.5 అయ్యేసరికి ఎరుపు 5.7కి చేరుతోంది. అక్కడ 5.1 వోల్టుల జీనరు (ఆ వోల్టేజీ దాటితేనే కరెంటుని వదిలే డయోడు), దాని వెనక ఒక ట్రాన్సిస్టరు. 5.1కి 0.6 కలిపితే 5.7. ఆ ట్రాన్సిస్టరు నాలుగో కాలిని పైకి లేపి చిప్పు నోరు మూయిస్తోంది.

గైడులో చదివిన అంకె కళ్ల ముందు ఉంటే, బోర్డు చెప్పేది చెవికెక్కదు. మూడు గంటలు దండగ.

జూన్ 21, శనివారం

ఈ రోజు గురించి రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

ఎరుపు నుంచి వచ్చే 4.7కె పీకేశాను. ఇక చిప్పు పసుపు మాటే వింటుంది. 5.1 జీనరు ఒక కాలు కూడా లేపేశాను. దాని బదులు ఇంకో కాపలా పెట్టాలని తెలుసు, "ముందు వోల్టేజీ సంగతి చూద్దాం, తర్వాత పెడదాం" అనుకున్నాను. పసుపు వైపు 10కె, వరసలో 5కె ప్రీసెట్. లెక్క ప్రకారం 11.4 నుంచి 15.9 దాకా తిరగాలి.

తిరిగింది కూడా. 13.8 దగ్గర పెట్టి, కాఫీ తెచ్చుకుని, ఇంకొక్క పిసరు సరిచేద్దామని స్క్రూడ్రైవరు ఆనించాను. ముందు ఫ్యాన్ చప్పుడు మారింది. ఆ తర్వాతే మీటరు వైపు చూశాను. 21.4. ప్లగ్ పీకేసరికి రెండు మూడు సెకన్లు పట్టి ఉంటుంది. పొగ రాలేదు, పేలలేదు. పసుపు వరసలోని 16 వోల్టుల కండెన్సరు నెత్తి మాత్రం, ఎక్స్ గీత దగ్గర, పూరీలా కొద్దిగా పొంగింది. కాఫీ చల్లారిపోయింది.

మా వీధి చివర బాబాయ్ ఒకాయన ఉన్నారు. ముప్పై ఏళ్లు టీవీ రిపేరు చేశారు. పిక్చర్ ట్యూబులు పోయాక షాపు మూసేశారు. బోర్డు సంచీలో వేసుకుని వెళ్లాను.

కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ప్రీసెట్‌ని చూశారు. "ఎంతకి కొన్నావురా ఇది?"

"పాత రేడియోలోంచి పీకాను బాబాయ్."

"అదీ సంగతి. కార్బన్ అరిగిపోయింది. లోపల ముల్లు గాల్లో తేలుతోంది. ముల్లు లేస్తే ఏమవుతుంది?"

"పై దారి తెగిపోతుంది. ఒకటో కాలికి ఏమీ రాదు."

"రాకపోతే చిప్పు ఏమనుకుంటుంది?"

"వోల్టేజీ లేదనుకుని... ఫుల్లుగా తోస్తుంది."

"మరి ప్రీసెట్ పైన ఎందుకు పెట్టావు నాన్నా? కింద పెట్టు. తెగితే వోల్టేజీ పడిపోవాలి గానీ పెరగకూడదు."

ఆయన అంతకు మించి ఏమీ అనలేదు. జీనరు సంగతి నేనే చెప్పుకున్నాను. దానికి మాత్రం చెంప మీద చిన్నగా ఒకటి తగిలించారు. నాకు నలభై మూడేళ్లు.

జూన్ 22

ఆయన చెప్పినట్టే కొత్త లెక్క. పసుపు నుంచి ఒకటో కాలికి 12కె, కదలనిది. గ్రౌండు వైపు 2.2కె, 220 ఓములు, 500 ఓముల ప్రీసెట్, మూడూ వరసలో. పాత 3.9కె, 10కె తీసేయాలి. ప్రీసెట్ ఒక కొసన 14.9, ఇంకో కొసన 12.8. మధ్యలో 235 ఓముల దగ్గర 13.8. ఎటు తిప్పినా రిగ్‌కి ప్రమాదం లేదు. ముల్లు లేచిపోయినా ఒకటో కాలు 12కె ద్వారా పైకి పోతుంది, చిప్పు చేతులు ముడుచుకుంటుంది. ప్రీసెట్ కూడా ఈసారి ఇరవై అయిదు చుట్ల రకం, కొత్తది.

సామాను కోసం హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్లాలి. ఇవాళ ఆదివారం, షాపులు మూత కాబట్టి రేపు ఆఫీసు నుంచి అటే.

జూన్ 24

25 వోల్టుల, 105 డిగ్రీల, లో ఈఎస్ఆర్ (లోపలి రెసిస్టెన్సు తక్కువున్న) కండెన్సర్లు అడిగాను. మొదట చూపించినవి ఒరిజినల్ అన్నారు గానీ, చేత్తో పట్టుకుంటే మరీ తేలిగ్గా ఉన్నాయి, తొడుగు మీద అచ్చు వంకరగా ఉంది. వద్దని పక్కకి పోయాను. రెండో చోట దొరికినవి నమ్మకంగా ఉన్నాయి. ఒక్కటే చిక్కు. 2200 మైక్రోఫారడ్‌ల 25 వోల్టులది లావుగా ఉంటుంది, కాయిల్‌కీ హీట్‌సింకుకీ మధ్య దూరదు. అందుకని 1000 మైక్రోఫారడ్‌లవి రెండు తీసుకున్నాను. ఒకటి పాత చోట, రెండోది బయటికి వెళ్లే వైర్ల మొదట్లో. నీలం వైరు, అంటే మైనస్ 12, అది కూడా 13.8 దాకా పోతుంది కాబట్టి దాని చిన్న కండెన్సరు కూడా 25 వోల్టులదే. ఎరుపు వైపు 10 వోల్టులవి ఉన్నాయి. ఎరుపు ఇప్పుడు 5.8 అవుతుంది, వాటికేం కాదు. నారింజ వైరు 3.3ని దాని సొంత రెగ్యులేటరు చూసుకుంటుంది. దాని జోలికి పోలేదు.

పసుపు డయోడు కూడా మార్చాను. ఉన్నది ఎఫ్12సీ20సీ, 12 ఆంప్స్ ఫాస్ట్ రికవరీ. పది ఆంప్స్ దగ్గర అది కాగిపోతుంది. ఎంబీఆర్20100 షాట్కీ (తక్కువ వేడెక్కే రకం డయోడు) పెట్టాను. ఇందులో 60 వోల్టుల రకం చవగ్గా దొరుకుతుంది, దాన్ని పెట్టకూడదు. వైండింగు మధ్యలో ట్యాపు ఉన్న అమరిక కాబట్టి, ఆగి ఉన్న డయోడు మీద శిఖర వోల్టేజీకి రెట్టింపు పడుతుంది. ఇక్కడ అదే యాభై దాటుతుంది. 100 వోల్టులది కనీసం.

జూన్ 28, శనివారం

కాపలా. 5.1 జీనరు చోటి నుంచి ఎర్ర వైరుకి పోయే దారి కోసేసి, దాని బదులు పసుపు వైరు నుంచి 15 వోల్టుల జీనరు తెచ్చి అదే ట్రాన్సిస్టరుకి కలిపాను. ఇప్పుడు పసుపు సుమారు 15.6 దాటితే నాలుగో కాలు లేస్తుంది. తెల్ల (మైనస్ 5), నీలం (మైనస్ 12) వైర్ల సంగతి ముట్టుకోలేదు. అవి లేకపోతే ఎల్ఎం339 ఇంకో రకంగా అలుగుతుంది. కోసేసి కుదురుగా పెట్టుకుందామనుకున్నవాళ్లు చాలామంది అక్కడే చిక్కుకుంటారు.

కొత్త కాపలా పని చేస్తుందో లేదో తెలియాలిగా. ప్రీసెట్ 14.9 మించి పోనివ్వదు. అందుకని గ్రౌండు వైపున్న రెసిస్టర్లకి పక్కగా 10కె క్షణంపాటు తాకించాను. లెక్క ప్రకారం అప్పుడు 16 దాటి పోవాలి. పోలేదు, టక్ మని ఆగింది. మీటరు గుర్తుపెట్టుకున్న గరిష్ఠం 15.4. వారం కిందట ఇదే జీనరు ఉండి ఉంటే ఆ కండెన్సరు పూరీ అయ్యేది కాదు.

ఎరుపుకి శాశ్వతంగా 10 ఓముల, 10 వాట్ల రెసిస్టరు ఒకటి ఫ్యాన్ గాలి తగిలే చోట బిగించాను. ఏ బరువూ లేకపోతే ఈ రకం సప్లైలు ఊగిసలాడతాయి.

జూన్ 29, ఆదివారం

లోడు పరీక్ష. కారు హెడ్‌లైటు హెచ్4 బల్బులు రెండు. ఒక్కో 55 వాట్ల తీగ దాదాపు ఐదు ఆంప్స్ లాగుతుంది. సిరీస్ బల్బు తీసేశాను, అది ఉంటే లోడు మీద సప్లై ఊపిరాడక చస్తుంది.

మొదటి హెడ్‌లైటు తగిలించగానే టక్. మళ్లీ టక్. గుండె జారింది. కానీ తీగ చల్లగా ఉన్నప్పుడు దాని రెసిస్టెన్సు ఓములో నాలుగో వంతు కూడా లేదు. అందుకే మొదటి క్షణంలో అది మామూలు కంటే ఎన్నో రెట్లు లాగుతుంది. దాన్ని సప్లై షార్టు అనుకుంటోంది, అందులో దాని తప్పేమీ లేదు. వరసలో 1 ఓము వైరువౌండు రెసిస్టరు పెట్టి బల్బు ఎర్రబడ్డాక దాన్ని బైపాస్ చేస్తే నిలబడింది.

ఖాళీగా 13.80. ఒక బల్బు మీద 13.76. రెండు బల్బుల మీద 13.69. నాలుగు పసుపు, నాలుగు నలుపు వైర్లు కలిపి మెలేశాను కాబట్టి వైర్లలో పోయేది చాలా తక్కువ. నలభై నిమిషాలు అలాగే ఉంచాను. పసుపు హీట్‌సింకు చెయ్యి పెట్టలేనంత కాదు గానీ, పెట్టి ఉంచలేనంత వేడెక్కింది. ముట్టుకునేముందు ప్లగ్ తీశాను. ప్రైమరీ వైపు హీట్‌సింకుని మాత్రం ఆన్‌లో ఉండగా ఎవరూ ముట్టుకోవద్దు, కొన్నింట్లో దానికి మెయిన్స్ వోల్టేజీ ఉంటుంది.

రిగ్ తగిలించాను. ఫుల్ పవర్ మీద బటన్ నొక్కితే రిగ్ చివర 13.6. ఆరిపోలేదు. అవతలి నుంచి ఆడియో శుభ్రంగా ఉందన్నారు. వినేటప్పుడు మాత్రం బ్యాండులో రెండు చోట్ల సన్నటి బుస. చిప్పు వేగాన్ని నిర్ణయించే ఆసిలేటరు రెసిస్టరు 12కె, కండెన్సరు 1.5 నానోఫారడ్, అంటే సుమారు 61 కిలోహెర్ట్జ్. రెండు ట్రాన్సిస్టర్లూ వంతులవారీగా పని చేస్తాయి కాబట్టి ఒక్కోటి అందులో సగం. దాని పిల్లలు, అంటే దానికి రెట్లుగా పుట్టే ఫ్రీక్వెన్సీలు, మెగాహెర్ట్జ్‌ల దాకా వస్తాయి. అవుట్‌పుట్ టెర్మినళ్ల మీద 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ ఒకటి, వైర్ల మీద ఫెరైట్ క్లిప్పు ఒకటి. ఒక చోట బుస పోయింది. రెండోది ఉంది, కానీ నేనెప్పుడూ ఆ ఫ్రీక్వెన్సీకి పోను.

ఫ్యాన్ 13.8 మీద విమానంలా అరుస్తోంది. 27 ఓములు, 1 వాటు వరసలో పెడితే 10 దగ్గరికి దిగి మర్యాదగా తిరుగుతోంది.

చివరగా ఇరవై పిన్నుల కనెక్టరు కోసి పారేశాను. ఇది ఎప్పుడో ఎవరి చేతికో చిక్కి మదర్‌బోర్డుకి తగిలిస్తే, ఎర్ర వైరు 5.8తో ఆ బోర్డు పని అయిపోతుంది. డబ్బా మీద మార్కరుతో "13.8, కంప్యూటరుకి కాదు" అని రాశాను.

ప్రీసెట్ స్క్రూ కదలకుండా దాని మీద ఒక చుక్క నెయిల్ పాలిష్ వేశాను. మూత బిగిస్తుంటే లోపలి గదిలోంచి, "నాన్నా, నా ఎర్ర సీసా ఏదీ?"